లేవబుద్ధయ్యే సీట్లు: నలుగురూ కలిసి పనిచేసే స్టూడియోలో ఎలా అమర్చుకోవాలి

విజయవాడలో ఒక పాత ఇంటి మేడమీద మేం పన్నెండు మందిమి కలిసి పనిచేసుకుంటాం. బొమ్మలు వేసేవాళ్లు, వీడియో ఎడిటింగ్ చేసేవాళ్లు, బట్ట మీద అద్దకం చేసే ఇద్దరు, ఒక టైలర్. మొదట్లో అందరికీ ఒకేరకం ఆఫీసు కుర్చీలు కొన్నాం. చక్రాలున్నవి, వెనక్కి వాలేవి. డబ్బు బాగానే పెట్టాం. ఆరు నెలలు తిరిగేసరికి ఇద్దరికి మెడనొప్పి, ఒకరికి నడుంనొప్పి. కుర్చీల్లో లోపం లేదు. వాటిలోంచి ఎవరూ లేవకపోవడమే చిక్కంతా. కాళ్లకింద చక్రాలుంటే నీళ్ల సీసా దాకా కూడా కూర్చునే జరుగుతాం.

తర్వాత రెండేళ్లలో ఆ గదిని మూడుసార్లు మార్చాం. ఇప్పుడు అక్కడ ఒక్క సీటు కూడా అన్ని పనులకూ సరిపోదు. కావాలనే అలా చేశాం. గీయడానికి ఒక ఎత్తు, కత్తిరించడానికి ఒక ఎత్తు, మాట్లాడుకోవడానికి ఇంకో చోటు. పని మారినప్పుడల్లా మనిషి తనంతట తనే లేస్తాడు. గంటకోసారి లేవమని ఫోన్ మోగక్కర్లేదు, ఎవరూ గుర్తుచేయక్కర్లేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో ఇచ్చిన మార్గదర్శకాల్లో కూర్చునే సమయం తగ్గించమని, ఎంత తక్కువ కదలికైనా అసలు లేకపోవడం కంటే మేలని ఉంది. ఆ కొద్దిపాటి కదలికను పనిలోనే కలిపేయడం ఎలాగో, మీ గదిలో మీరు చేసుకోగలిగేలా చెబుతాను.

మొదట ఒక వారం చూడండి

ఏదీ కొనకండి, ఏదీ జరపకండి. గది ప్లాన్‌ను గ్రాఫ్ కాగితం మీద గీసి తలుపు పక్కన అంటించండి. తలుపులు, కిటికీలు, ఫ్యాన్లు, ప్లగ్ పాయింట్లు, నీళ్ల క్యాన్, ప్రింటర్, చెత్తబుట్ట అన్నీ గుర్తుపెట్టండి. అరగంటకోసారి ఎవరో ఒకరు వెళ్లి, ఆ నిమిషంలో ఎక్కడెక్కడ మనుషులున్నారో గుర్తులు పెట్టాలి. కుర్చీలో ఉంటే చుక్క, నిలబడి ఉంటే గీత, నేలమీద ఉంటే సున్నా. పేర్లు మాత్రం రాయొద్దు. పేర్లు రాస్తే నిఘా పెట్టారని అందరికీ టెన్షన్ మొదలవుతుంది.

రోజుకో కొత్త కాగితం వాడండి. వారం చివర వాటిని ఒకదాని పక్కన ఒకటి పెట్టి చూస్తే మీ గది అసలు స్వరూపం కనిపిస్తుంది. మాకు కనిపించింది ఇదీ: చుక్కలన్నీ రెండు చోట్లే గుంపుకట్టాయి. ఒకటి ఫ్యాన్ కింద, రెండోది గోడకున్న ప్లగ్ పాయింట్ల వరుసలో. బల్లలు ఎంత అందంగా పేర్చినా ఎవరికీ పట్టలేదు. ఎండాకాలం విజయవాడలో మనిషిని నిలబెట్టేదీ కూర్చోబెట్టేదీ గాలే. లాప్‌టాప్ చార్జింగ్ వైరు ఎంత పొడుగుంటే మనిషి కదిలే మేర కూడా అంతే.

కాబట్టి సీట్ల కంటే ముందు ఎలక్ట్రీషియన్‌ను పిలవండి. నిలబడి పనిచేసే బల్ల దగ్గర, బల్ల ఎత్తులోనే ఒక బోర్డు పెట్టించండి. నేలమీద కూర్చునే చోట గోడకు 30 సెం.మీ. ఎత్తులో ఇంకొకటి. పిల్లలు వచ్చే చోటైతే దానికి మూత తప్పనిసరి. ఎక్స్‌టెన్షన్ బాక్సులు నేలమీద పారేసి సరిపెట్టుకోవద్దు, నడిచే దారిలో వైరు కాలికి తగిలి పడతారు. ఫ్యాన్ లేని మూలలో సీటు పెట్టాలనుకుంటే ముందు అక్కడ గోడ ఫ్యాన్ బిగించండి. గాలి రాని చోట ఎంత మంచి సీటు వేసినా ఏప్రిల్ నుంచి జూన్ దాకా అది బ్యాగులు పెట్టుకునే చోటే అవుతుంది.

మనుషుల లెక్క కాదు, పనుల లెక్క

"పన్నెండు మందిమి, పన్నెండు సీట్లు" అని లెక్కేస్తే మళ్లీ మొదటికే వస్తాం. ఒక కాగితం మీద మీ దగ్గర జరిగే పనులు రాయండి. ఒక్కో పనికి చేతులు ఏం చేస్తాయి, కళ్లు ఎంత దూరంలో ఉంటాయి, ఎంతసేపు పడుతుంది అని పక్కన రాసుకోండి.

మన పనివాళ్లకు ఈ లెక్క ఎప్పటినుంచో తెలుసు. పెడనలో అద్దకం పనివాళ్లు పొడవాటి బల్ల ముందు నిలబడి, అచ్చు వేసుకుంటూ బట్ట వెంబడి అడుగు అడుగూ జరుగుతారు. కొండపల్లిలో తెల్ల పొణికి కర్ర చెక్కేవాళ్లు నేలమీద కూర్చుంటారు. గుంట మగ్గం మీద నేతపనివాళ్ల కాళ్లు గుంటలో పావళ్లు తొక్కుతుంటాయి, చేతులు పైన పనిచేస్తుంటాయి. ఎవరి సీటూ ఇంకొకరికి పనికిరాదు. పనిని బట్టే కూర్చునే తీరు పుట్టింది. వాళ్లకు నొప్పులుండవని నేను అనను. గంటల తరబడి ఒకే పని చేస్తే ఏ సీటయినా నొప్పే. కాకపోతే మనలాంటి స్టూడియోలో ఒకే మనిషి రోజులో నాలుగైదు రకాల పనులు చేస్తాడు. ఆ అవకాశాన్ని కుర్చీలో పోగొట్టుకుంటున్నాం.

చాలా చోట్లకు నాలుగు ఎత్తులు చాలు: నేల, మామూలు కుర్చీ, ఎత్తు స్టూలు, నిలబడే బల్ల. వీటిలో దేన్నీ మానేయకండి, ముఖ్యంగా చివరిదాన్ని. 1960లలో అమెరికాలో రాబర్ట్ ప్రాప్స్ట్ అనే ఆయన హెర్మన్ మిల్లర్ కంపెనీ కోసం 'యాక్షన్ ఆఫీస్' అనే ఫర్నిచర్ వరుసకు రూపం ఇచ్చాడు. 1964లో వచ్చిన మొదటి రకంలో నిలబడి పనిచేసే డెస్కు కూడా ఉంది. మనిషి రోజంతా ఒకే భంగిమలో ఉండకూడదన్నది ఆయన ఆలోచన. ఆఫీసులు మాత్రం తర్వాతి రకంలోని అడ్డుగోడలను పట్టుకుని, వాటితో తక్కువ చోటులో ఎక్కువమందిని కూర్చోబెట్టాయి. ఇవాళ మనం చూస్తున్న క్యూబికల్ అలా వచ్చింది. మీ గదిలోనూ "చోటు చాలట్లేదు, ఆ పెద్ద బల్ల తీసేద్దామా" అనే మాట ఏదో ఒక రోజు వస్తుంది. ఒప్పుకోవద్దు.

ఒళ్లు కొలవండి, చెప్పులు లేకుండా

ఇది పదిహేను నిమిషాల పని. టైలరు టేపు చాలు. అందరివీ రెండే కొలతలు తీసుకోండి. కుర్చీలో కూర్చుని పాదాలు నేలకు ఆనించినప్పుడు మోకాలి వెనక మడత నుంచి నేలదాకా ఒకటి. నిటారుగా నిలబడి మోచేయి మడిచినప్పుడు మోచేతి నుంచి నేలదాకా రెండోది.

చెప్పులు విప్పే కొలవాలి. మన స్టూడియోల్లో చెప్పులు గుమ్మం దగ్గరే వదిలేస్తాం. బజారులో దొరికే కుర్చీలు సుమారు 45 సెం.మీ. ఎత్తుంటాయి. బూట్లు వేసుకున్నవాళ్లకు అది సరిపోవచ్చు. ఉత్త కాళ్లతో కూర్చునే, కొంచెం పొట్టిగా ఉండే మనిషికి మడమలు లేచిపోతాయి, తొడ కింద అంచు ఒత్తుకుంటుంది. మా దగ్గర సగం మందికి 40, 41 సెం.మీ. దగ్గరే హాయిగా ఉంది. నాలుగు చెక్క కుర్చీల కాళ్లు కోయించేశాం. ఈ మొత్తం మార్పులో అన్నిటికంటే తక్కువ ఖర్చయిన పని అదే, అందరూ ఎక్కువగా మెచ్చుకున్నదీ అదే.

నిలబడే బల్లకు మోచేతి కొలత ఆధారం. గీయడం, అతికించడం, బట్ట కత్తిరించడం లాంటి తేలిక చేతిపనికి బల్ల మోచేతి కంటే 5 నుంచి 10 సెం.మీ. కిందుండాలి. అచ్చు గట్టిగా ఒత్తడం, రంపం పట్టడం లాంటి బలం పెట్టే పనికి ఇంకా కిందకు, 15 నుంచి 20 దాకా. సూదిలో దారం ఎక్కించేంత సన్నని పనికైతే మోచేతి కంటే కాస్త పైకి ఉండాలి, లేకపోతే మెడ వంగిపోతుంది. అందరి కొలతలూ ఒకటి కావు కాబట్టి బల్లను పొడుగువాళ్ల లెక్కకు దగ్గరగా చేయించి, పొట్టివాళ్లకు కాళ్లకింద 8 సెం.మీ. చెక్కపీట వేయండి. తక్కువ ఎత్తు బల్లను అందరికీ పెడితే పొడుగువాళ్లు రోజంతా వంగి పనిచేయాలి.

ఎత్తు స్టూలు: దీనికి మాత్రం సమయం పెట్టండి

గది మొత్తంలో మనిషిని ఎక్కువగా కదిలించేది ఇదే. ఎందుకంటే ఇది కూర్చోవడానికీ నిలబడడానికీ మధ్యలో ఉంటుంది. దీని మీంచి లేవడం అంటే ఒక పాదం కింద పెట్టడమే. కుర్చీలోంచి లేవాలంటే ఒళ్లంతా ముందుకు తెచ్చి పైకి లేపాలి, అందుకే వాయిదా వేస్తాం.

డెన్మార్క్‌లో ఎ. సి. మాండల్ అనే సర్జన్, తొడలు నేలకు సమాంతరంగా ఉండేలా కూర్చోమనే పాత పద్ధతిని ప్రశ్నించి, సీటు ఎత్తు పెంచి ముందుకు వాలేలా చేయాలని వాదించాడు. తుంటి కంటే మోకాళ్లు కిందుంటే నడుం దగ్గర సహజంగా ఉండే వంపు నిలుస్తుందన్నది అందులో సారం. 1979లో నార్వే డిజైనర్ పీటర్ ఆప్స్‌విక్ చేసిన, మోకాళ్లు ఆనించి ఊగుతూ కూర్చునే కుర్చీ కూడా ఈ ఆలోచనల కాలం నుంచి వచ్చిందే. అలాంటివి మన ఊళ్లో దొరకవని బాధపడక్కర్లేదు. వడ్రంగి దగ్గర కూర్చుని ఒక మధ్యాహ్నంలో మనమే ఒకటి చేయించుకోవచ్చు.

బల్ల ఎత్తు 95 సెం.మీ. అనుకుందాం. సీటుకీ బల్లకీ మధ్య 25 నుంచి 28 సెం.మీ. ఉండాలి, కాబట్టి స్టూలు ఎత్తు 67 నుంచి 70. సీటు పలకను 38 వెడల్పు, 30 లోతు పెట్టండి. 19 మి.మీ. ప్లైవుడ్ చాలు, కింద రెండు చెక్క బద్దలు కొట్టించండి. ఎనిమిదడుగుల ప్లైవుడ్ షీటు ఒక్కదానిలో ఇలాంటి పలకలు ఇరవైకి పైగా వస్తాయి, అందుకని ఇంకో ఇద్దరు మిత్రులతో కలిసి చేయించుకుంటే ఖర్చు కలిసొస్తుంది. ముందు అంచు వెనక అంచు కంటే 2 సెం.మీ. కిందుండాలి. అంతకు మించితే జారిపోతారు. ముందు అంచును బాగా గుండ్రంగా చిత్రిక పట్టించండి. పైన స్పాంజి వద్దు. మెత్తగా ఉంటే మనిషి అక్కడే దిగబడిపోతాడు. నూలు గుడ్డ ఒక పొర, కావాలంటే నవారు అల్లిక, అంతే.

కాళ్లు నాలుగు ఉండాలి. ముక్కాలి పీట ఎగుడుదిగుడు నేలమీద కూడా ఊగదు, నాకు చాలా ఇష్టం. కానీ అది పొట్టి సీట్లకే. ఇంత ఎత్తులో మూడు కాళ్లయితే పక్కకు వంగినప్పుడు తిరగబడుతుంది. కాళ్లు కిందికి వెళ్లేకొద్దీ బయటికి తెరుచుకుని, నేల దగ్గర పలక కంటే అన్ని వైపులా కొంచెం వెడల్పుగా నిలవాలి.

కాళ్లు పెట్టుకునే అడ్డకర్ర గురించి ఎవరూ ఆలోచించరు. బజారు స్టూళ్లకు అక్కడ సన్నటి ఇనప పైపు ఉంటుంది. బూటు మీద అది తెలియదు. ఉత్త పాదానికి పది నిమిషాల్లో కోసుకుపోతున్నట్టు ఉంటుంది. అందుకని నేలనుంచి 26 సెం.మీ. ఎత్తులో, 7 సెం.మీ. వెడల్పున్న చదునైన చెక్క పెట్టించండి. ముందువైపే కాదు, పక్కలకూ. అప్పుడు కాళ్లు ఒకసారి ముందు, ఒకసారి పక్కన పెట్టుకుంటారు. చీర కట్టుకున్నవాళ్లు ఎక్కడానికి కూడా ఈ చెక్కే మెట్టు. మేకు మొన, స్క్రూ తల ఎక్కడా బయటికి ఉండకూడదు. కొంగు, చున్నీ చిక్కుకుంటాయి.

పలక మధ్యలో చెయ్యి దూరేంత కంత కోయించండి, 10 సెం.మీ. పొడవు, 3 వెడల్పు. ఒంటిచేత్తో పట్టుకుపోగలిగేలా ఉంటేనే జనం దాన్ని జరుపుతారు. మొత్తం బరువు 5 కిలోలు దాటితే కాళ్లు సన్నం చేయించండి. కాళ్లకింద రబ్బరు బుష్‌లు తప్పనిసరి. నున్నటి విట్రిఫైడ్ టైల్స్ మీద బుష్ లేని ఎత్తు స్టూలు చాలా ప్రమాదం. ఒక రోజు మా టైలరమ్మ కూర్చోబోతుంటే స్టూలు వెనక్కి జారిపోయింది. అదృష్టం కొద్దీ ఆవిడ బల్ల అంచు పట్టుకుంది. ఆ సాయంత్రమే అన్నిటికీ బుష్‌లు వేయించాం. అరిగినవాటిని మూణ్నెల్లకోసారి చూసి మారుస్తాం.

ఊగే స్టూళ్లు, గుండ్రటి అడుగున్నవి, ఒకటి రెండు ఉంటే ఉండనివ్వండి. ఫోన్ మాట్లాడేవాళ్లకు బాగుంటాయి. కట్టర్, కత్తెర, వేడి ఇస్త్రీ వాడే బల్ల దగ్గరికి మాత్రం అవి రాకూడదు.

నేల

నేలమీద కూర్చుని లేవడం మనకు వచ్చిన విద్య. కూర్చున్న పద్ధతిని నిమిషానికోసారి మార్చుకునే వీలు నేల ఇచ్చినంతగా ఇంకేదీ ఇవ్వదు: బాసింపట్టు, ఒక కాలు చాపి, ఒక మోకాలు ఎత్తి, పక్కకు ఒరిగి. ఒక మూల ఆరడుగుల చదరం వదలండి. గట్టి చాప, దాని మీద దుప్పటి. తుంటి కింద పెట్టుకోవడానికి 6 నుంచి 8 సెం.మీ. పీటలు. పాత కొట్లలో గుమాస్తాలు పద్దులు రాసుకున్న ఏటవాలు పెట్టె గుర్తుందా? అలాంటిది, 30 సెం.మీ. ఎత్తుతో, స్కెచ్‌బుక్ పెట్టుకోవడానికి ఒకటి చేయించండి. పక్క గోడకు నడుం ఎత్తులో ఒక గట్టి కర్ర పట్టీ బిగించండి. మోకాళ్ల నొప్పులున్నవాళ్లు అది పట్టుకుని లేస్తారు. అది పెట్టాకే మా దగ్గర యాభై దాటిన ఇద్దరు నేలమీదికి వచ్చారు.

అరుగు

చర్చలకూ, బొమ్మలు గోడకు పెట్టి చూడడానికీ కుర్చీలు వలయంగా వేయకండి. రెండు వరుసల అరుగు కట్టండి. ఒక్కో వరుస 40 సెం.మీ. ఎత్తు, 80 లోతు. పక్కన నడిచి ఎక్కడానికి 20 సెం.మీ. మెట్లు వేరుగా. 40 సెం.మీ. ఎక్కడం పెద్దవాళ్లకూ, చీర కట్టినవాళ్లకూ కష్టం. అరుగు మీద కూర్చునే తీరు ఎవరిదీ ఒకేలా ఉండదు, ఎవరూ ఎక్కువసేపు ఒకలాగే కూర్చోరు కూడా. ఊళ్లో వీధరుగు మీద కబుర్లు చెప్పుకునే మనుషుల్ని చూస్తే తెలుస్తుంది.

సీలింగ్ ఫ్యాన్ కింద మాత్రం కట్టొద్దు. పై వరుస 80 సెం.మీ. ఎత్తులో ఉంటుంది. దానిమీద నిలబడిన మనిషి తల నేలనుంచి 250 సెం.మీ. దగ్గరికి వెళ్తుంది. మామూలు ఇళ్లలో ఫ్యాన్ రెక్కలు ఉండేది ఇంచుమించు అక్కడే. గోడ ఫ్యాన్లే పెట్టుకోండి.

జరపనివ్వండి, దారి వదలండి

1970లలో న్యూయార్క్‌లో విలియం వైట్ అనే ఆయన జనం కూర్చునే చిన్న చిన్న బహిరంగ స్థలాల్లో ఎవరు ఎలా కూర్చుంటారో కెమెరాతో పట్టి చూశాడు. విడి కుర్చీలున్నచోట జనం కూర్చునే ముందు దాన్ని అటో ఇటో కొంచెం జరుపుతారు, కొన్నిసార్లు మళ్లీ దాదాపు అదే చోటికి తెస్తారు. ఆ జరపడంలో ఈ చోటు నాది అనే ధైర్యం ఉంది. మీ సీట్లలో ఎక్కువభాగం అలా జరపగలిగేవి కావాలి. బోల్టు వేసి బిగించకండి. చక్రాలు మాత్రం సామాన్ల ట్రాలీకే, సీట్లకు వద్దు.

ప్రధాన దారి 120 సెం.మీ., మిగతావి 90 తగ్గకుండా చూడండి. చక్రాల కుర్చీలో వచ్చేవాళ్లు తిరగడానికి కనీసం 150 సెం.మీ. వృత్తం ఖాళీ ఉండాలి. కింద మోకాళ్లు దూరేలా 70 సెం.మీ. ఖాళీ ఉన్న ఒక బల్ల తప్పకుండా ఉండాలి, అది ఏ మూలో కాక నలుగురి మధ్యలో ఉండాలి. వీపు ఆనించుకునే, చేతులున్న మంచి కుర్చీలు రెండు మూడు ఎప్పుడూ ఉంచండి. గర్భంతో ఉన్నవాళ్లకు, నడుం ఆపరేషన్ అయినవాళ్లకు, ఆ రోజు ఒంట్లో బాగోలేనివాళ్లకు అవి కావాలి. ఎందుకు కూర్చున్నావని ఎవరినీ అడగొద్దు. మా పాత ఆఫీసు కుర్చీల్లో మూడింటిని చక్రాలు తీసేసి అందుకే ఉంచుకున్నాం.

లేవడానికి పనులు పంచండి

కత్తెర్లు, టేపులు, స్కేళ్లు ప్రతి బల్లకూ ఒక సెట్టు కొనకండి. ఒక్క గోడకు, నిలబడితే అందే ఎత్తులో, అన్నీ తగిలించండి. నీళ్లు ఒక చివర, చెత్తబుట్ట ఇంకో చివర. ప్రింటర్ నిలబడే బల్ల పక్కన. ప్రతి బల్ల కిందా చెత్తబుట్టలుంటే తీసేయండి, రెండు రోజులు సణుగుతారు, తర్వాత అలవాటవుతుంది. కానీ మితిమీరొద్దు. రంగు ఆరిపోతుండగా కుంచె కోసం గది దాటాల్సి వస్తే అది హింస. పని మధ్యలో చేతికి కావాల్సింది చేతికందాలి, పని మారేటప్పుడు కావాల్సింది దూరంగా ఉండాలి. ఈ తేడా పట్టుకోవడానికి మాకు చాలా రోజులు పట్టింది.

సీట్లకు పేర్లుండకూడదు. మధ్యాహ్నం భోజనానికి లేచినప్పుడు మీ వస్తువులు మీ పెట్టెలో పెట్టేసి బల్ల ఖాళీ చేయాలన్నది మా దగ్గరున్న ఒకే ఒక్క నియమం. తిని వచ్చాక ఏది ఖాళీ ఉంటే అక్కడ, ఏ పనుంటే ఆ ఎత్తులో. ఎడిటింగ్ చేసే కుర్రాడు మొదట బాగా ఎదురుతిరిగాడు, రెండు మానిటర్లు మోసుకు తిరగలేనని. నిజమే. అతని బల్ల కదలదు. కానీ ఫుటేజీ చూసే పనంతా ఇప్పుడు అరుగు ఎదురుగా గోడ తెర మీద, నిలబడో కూర్చునో చేస్తాడు. మనిషికి తగ్గట్టు ఇలా ఒక్కో సర్దుబాటు కావాల్సి వస్తుంది, చేయండి.

మూడు వారాల తర్వాత మళ్లీ కాగితం అంటించండి. అవే చుక్కలు, గీతలు, సున్నాలు. పాత కాగితాల పక్కన పెట్టి చూడండి. గీతలు పెరిగితే సరే. గుర్తే పడని సీటు ఏదైనా ఉంటే దాన్ని చోటు మార్చి ఇంకో వారం చూడండి, అప్పటికీ ఖాళీగానే ఉంటే ఎవరికైనా ఇచ్చేయండి. మా ఊగే స్టూలు ఒకటి అలాగే కింద వాటాలో ఉండే పిల్లలకు వెళ్లింది. అందరూ ఒకే సీటు కోసం పోటీపడుతుంటే అలాంటిది ఇంకొకటి చేయించండి. మాకు అది 68 సెం.మీ. స్టూలు. నాలుగుతో మొదలుపెట్టాం, ఇప్పుడు ఏడున్నాయి.